అతుకు కనబడని ఆకాశం

ఎర్రమట్టి మైదానం. దాని మధ్యలో ఒంటరిగా ఒక వ్యోమగామి. వెనక, సగం ఆకాశాన్ని మింగేసిన వలయాల గ్రహం. పుస్తకాల షాపులో సైన్స్ ఫిక్షన్ అర ముందు నిలబడితే ఇలాంటి అట్టలు నాలుగైదు కంటపడకుండా పోవు. మైదానం ఏ ఎడారిదో. మనిషి ఏ స్టూడియోలోనో దీపాల కింద నిలబడ్డవాడు. గ్రహం ఏ అంతరిక్ష నౌకో పంపిన బొమ్మ. మూడు చోట్ల, మూడు వేళల్లో తీసిన ఫొటోలను ఒక్క క్షణంలో తీసినట్టు నమ్మించడమే ఆ అట్ట వేసిన మనిషి పనితనం. ఈ విద్య కంప్యూటర్‌తో పుట్టిందనుకుంటాం గానీ దాని వయసు నూట అరవై ఏళ్ళ పైమాటే. అది పుట్టింది కూడా ఆకాశం దగ్గరే.

1850లు తడి కొలోడియన్ పలకల కాలం. ఆ పలకకు నీలం కాంతి తగిలితే చాలు, ఇట్టే పట్టేసేది. మిగతా రంగులు దానికి అంతగా ఆనేవి కావు. నేలా చెట్లూ సరిగ్గా పడేదాకా లెన్సు తెరిచి ఉంచితే ఆకాశం వట్టి తెల్లకాగితంలా వచ్చేది, మబ్బు జాడే ఉండేది కాదు. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే దీనికో ఉపాయం పన్నాడు. సముద్రానికి ఒక నెగటివ్, మబ్బులకు మరొకటి తీసి, రెంటినీ నీరూ నింగీ కలిసే గీత దగ్గర జతచేసి ఒకే కాగితం మీద ముద్రించాడు. అతుకు దాచడానికి అంతకన్నా మంచి చోటేముంది? అది ప్రకృతే గీసిపెట్టిన గీత. ఆయన సముద్ర చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మబ్బు వేర్వేరు సముద్రాల మీద తేలుతూ కనిపిస్తుంది. నచ్చిన మబ్బును దాచుకుని మళ్ళీ వాడుకున్నాడన్నమాట. రకరకాల ఆకాశాలను ఫోల్డర్‌లో పోగుచేసుకునే ఈనాటి డిజైనర్లకు ఆయనే మూలపురుషుడు.

1857లో, స్వీడన్ నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడ్డ ఆస్కార్ రెయ్‌లాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ‘టూ వేస్ ఆఫ్ లైఫ్’ అనే ఒక్క చిత్రం చేశాడు. దాని ప్రతిని విక్టోరియా రాణి కొనుక్కుంది. మరుసటి ఏడు హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగటివ్‌లతో, మరణశయ్య మీదున్న అమ్మాయి చిత్రం చేశాడు. అంత బాధను ఫొటో తీయడమేమిటని చూసినవాళ్ళు నొచ్చుకున్నారు. అదే దృశ్యాన్ని కుంచెతో వేసి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కుంచె చెప్పేది కథ, కెమెరా చెప్పేది సాక్ష్యం అన్న నమ్మకం అప్పటికే నాటుకుపోయింది. ఆ నమ్మకం లేకపోతే ఈ విద్యకు విలువే లేదు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసే వేళకు బెర్లిన్‌లో కొందరు ఈ ఆటను తిరగేశారు. హన్నా హోక్, రౌల్ హౌస్‌మన్, జాన్ హార్ట్‌ఫీల్డ్ వంటి డాడా కళాకారులు పత్రికల్లోని బొమ్మలను కత్తిరించి, అతుకులు కొట్టొచ్చినట్టు కనబడేలా అంటించారు. జర్మన్‌లో ‘మోంట్యూర్’ అంటే యంత్రాలు బిగించే ఫిట్టరు. తాము చిత్రకారులం కాదు, ఫిట్టర్లమని చెప్పుకున్నారు. ఫొటోమాంటేజ్ అన్న పేరు ఆ కోవలోదే. హార్ట్‌ఫీల్డ్ తన తమ్ముడి ప్రచురణ సంస్థ మాలిక్ కోసం పుస్తకాల అట్టలు చేసి, ఈ పద్ధతిని ప్రదర్శనశాల నుంచి పుస్తకాల అరకు తెచ్చాడు. అటు రష్యాలో మరియెట్టా షగిన్యాన్ ‘జిమ్ డాలర్’ అనే మారుపేరుతో శాస్త్రకల్పన కలిసిన సాహస నవల ‘మెస్ మెండ్’ రాసింది. 1924లో అది పది భాగాలుగా వెలువడితే, వాటి అట్టలకు అలెగ్జాండర్ రాద్‌చెంకో ఫొటోమాంటేజ్‌లు చేశాడు. ఈ తరహా కథలకు కత్తెర, జిగురు, ఫొటో అట్ట కట్టిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

అయినా సైన్స్ ఫిక్షన్ అట్ట చాలాకాలం కుంచె చేతిలోనే ఉండిపోయింది. 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బాక్ అమెరికాలో ‘అమేజింగ్ స్టోరీస్’ ప్రారంభించినప్పుడు ముఖచిత్రం వేసింది ఫ్రాంక్ ఆర్. పాల్ అనే చిత్రకారుడు. అందులో వింతేమీ లేదు. కెమెరా ఎదురుగా ఉన్నదాన్నే పట్టగలదు, ఈ కథలకేమో లేనిదే కావాలి. నిజమైన అంతరిక్షం కెమెరాకు చిక్కడం మొదలయ్యాక ఈ లెక్క మారింది. 1968 డిసెంబరు 24న అపోలో 8 నుంచి విలియం ఆండర్స్ చంద్రుడి అంచున ఉదయిస్తున్న భూమిని తీశాడు. నాసా చిత్రాల్లో చాలావాటికి కాపీరైట్ ఉండదు. డిజైనర్లకు గ్రహాలు ఊరికే దొరికే సరుకైపోయాయి.

ఇక అతికే పనిముట్టు రావాలి. అది వచ్చిన తీరు కూడా కథలాంటిదే. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్ 1987లో, కంప్యూటర్ తెర మీద బూడిదరంగు ఛాయలు చూపడానికి చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. ఇంటి నేలమాళిగలో తండ్రి డార్క్‌రూమ్ చూస్తూ పెరిగినవాడు. తమ్ముడు జాన్ నోల్ పనిచేస్తున్నది ‘స్టార్ వార్స్’ దృశ్యమాయలకు పుట్టిల్లయిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో. అన్న బొమ్మలాటలో తమ్ముడికి తన వృత్తి కనిపించింది. ఇద్దరూ పెంచిన ఆ ప్రోగ్రామే 1990 ఫిబ్రవరిలో అడోబ్ విడుదల చేసిన ఫొటోషాప్. దాన్ని నలుగురికీ చూపించడానికి జాన్ వాడిన ఫొటోలో బోరా బోరా తీరాన కూర్చున్న యువతి, సముద్రం, ఆకాశం ఉంటాయి. లె గ్రే కూడా సముద్రం, ఆకాశాలతోనే మొదలుపెట్టాడు. 1994లో వచ్చిన మూడో వెర్షన్‌లో లేయర్లు చేరాయి. అంతకుముందు ఒకసారి అతికిస్తే అతికించినట్టే. ఇప్పుడు గ్రహాన్ని పక్కకు జరిపి చూడొచ్చు, నచ్చకపోతే తీసేయొచ్చు.

ఇదే పని వేరేచోట నేరమైంది. 1982 ఫిబ్రవరి ‘నేషనల్ జియోగ్రాఫిక్’ సంచికలో, అడ్డంగా తీసిన గీజా పిరమిడ్ల ఫొటోను నిలువు అట్టలో ఇమడ్చడానికి కంప్యూటర్‌తో పిరమిడ్లను దగ్గరకు జరిపారు. పెద్ద దుమారమే రేగింది. అంగారకుడి మీద పిరమిడ్ నిలబెట్టినవాణ్ణి మాత్రం భేష్ అంటాం. చూసేవాడికి అబద్ధమని ముందే తెలుసు. తెలిసీ ఒక్క క్షణం నమ్మాలి, అంతే.

ఆ ఒక్క క్షణం కోసం పడే పాట్లు ఎన్నో. గ్రహానికి కుడివైపు వెలుగుంటే వ్యోమగామి నీడ ఎడమకు పడాలి. దూరపు కొండ దగ్గరి బండకంటే పాలిపోయి ఉండాలి. ఎడారి ఫొటోలో ఉన్న గరుకుదనమే మనిషి ఫొటోలోనూ కనిపించాలి. పుస్తకం పేరు పట్టేటంత ఖాళీ ఆకాశంలో వదలాలి. మన పట్టణాల్లో కాలం చేసిన తాతగారి పాస్‌పోర్ట్ ఫొటోను కుటుంబం గ్రూప్ ఫొటోలో కలిపే స్టూడియో మనిషికీ, నాయకుడి పక్కన కార్యకర్తను నిలబెట్టే ఫ్లెక్సీ డిజైనర్‌కీ ఇవేమీ కొత్త కాదు. మెడ దగ్గర వెలుగు కలవకపోతే తల వేరు, మొండెం వేరు అని పిల్లలు కూడా పట్టేస్తారు.

ఇప్పుడు అతుకే లేని బొమ్మలు వచ్చాయి. 2022 చివర్లో అమెరికన్ ప్రచురణ సంస్థ టోర్, క్రిస్టఫర్ పావ్‌లీనీ నవల ‘ఫ్రాక్టల్ నాయిజ్’ అట్ట బయటపెట్టాక, అందులో వాడిన స్టాక్ చిత్రం కృత్రిమ మేధ గీసిందన్న వివాదం రేగింది. అలా గీసిన బొమ్మలో ఎవరూ దేన్నీ తెచ్చి దేనికీ అతకరు, కాబట్టి దాచడానికీ ఏమీ ఉండదు.

చేత్తో అతికేవాడికి మాత్రం పాఠం ఇప్పటికీ పైనే ఉంది. సాయంత్రం నాలుగింటికి ఆకాశంలో కనబడే సగం చందమామను చూడండి. చీకటిగా ఉండాల్సిన సగం నల్లగా ఉండదు, ఆకాశం రంగులోనే కలిసిపోతుంది. పగటి ఆకాశంలో గ్రహాన్ని నల్లటి నీడతో సహా అతికించినవాడు అక్కడే దొరికిపోతాడు. ఎరిగినవాడు ఆ నలుపును పూర్తిగా తుడిచేసి, వెలుగునొక్కదాన్నే ఉంచుతాడు.