యాన్యుటీ

యాన్యుటీ అనగా ఒకేసారి గాని, కొన్నేళ్ళపాటు వాయిదాలుగా గాని చెల్లించిన సొమ్ముకు బదులుగా, నిర్ణీత కాలం వరకు లేదా మనిషి జీవించి ఉన్నంతకాలం క్రమం తప్పకుండా ఆదాయం ఇచ్చే ఒప్పందం. భారతదేశంలో జీవిత బీమా సంస్థలు దీనిని విక్రయిస్తాయి. వీటిని నియంత్రించే భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. ఒక విధంగా ఇది జీవిత బీమాను తిరగేసిన రూపం. సంపాదించే వ్యక్తి త్వరగా మరణిస్తే కుటుంబానికి కలిగే నష్టానికి బీమా రక్షణ కాగా, ఎక్కువకాలం జీవించినందువలన చేతిలోని సొమ్ము ముందే అయిపోయే ప్రమాదానికి యాన్యుటీ రక్షణ.

పేరు

సంవత్సరం అనే అర్థం గల లాటిన్ పదం నుండి ఈ పేరు వచ్చినది. పూర్వం రాజులు, జమీందారులు పండితులకు ఏటా ఇచ్చే భృతిని తెలుగులో వర్షాశనం అనేవారు. అర్థం దాదాపు అదే అయినా, వర్షాశనం దాత ఇష్టం మీద ఆధారపడినది. యాన్యుటీ సొమ్ము చెల్లించి కొనుక్కున్న హక్కు. నేడు వాడుకలో యాన్యుటీ, పెన్షను అనే మాటలే నిలిచాయి.

చరిత్ర

ఆజీవన యాన్యుటీకి ఎంత ధర కట్టాలో గణితం ద్వారా తేల్చే ప్రయత్నం 17వ శతాబ్దంలో మొదలైనది. హాలండు రాజనీతిజ్ఞుడు యోహాన్ డి విట్ 1671లో ఈ విషయంపై ఒక గ్రంథం వ్రాసాడు. 1693లో ఎడ్మండ్ హేలీ బ్రెస్లౌ నగరపు జనన మరణాల లెక్కల ఆధారంగా ఆయుర్దాయ పట్టికను తయారు చేసి, దాని సహాయంతో వివిధ వయసుల వారికి యాన్యుటీ ధరలను గణించాడు. తోకచుక్క పేరుతో పాఠ్యపుస్తకాలలో కనిపించే హేలీ ఇతడే. పెన్షను లెక్కలకు ఆయన చేసిన ఉపకారం పాఠాలలో అంతగా కనిపించదు.

పనిచేసే విధానం

పది లక్షల రూపాయలను 6 శాతం వడ్డీకి ఉంచి, అసలు ముట్టుకోకుండా వడ్డీ మాత్రమే తీసుకుంటే ఏడాదికి 60,000 రూపాయలు వస్తుంది. అసలును కూడా కొద్దికొద్దిగా కలిపి 20 ఏళ్ళలో పూర్తిగా ఖర్చు చేయదలిస్తే ఏటా సుమారు 87,000 తీసుకోవచ్చు. అయితే 60 ఏళ్ళ వ్యక్తి మరో 20 ఏళ్ళు జీవిస్తాడా, 35 ఏళ్ళు జీవిస్తాడా అన్నది ఎవరూ చెప్పలేరు. ఒక్క మనిషి విషయంలో తెలియని ఈ సంగతి వేలమంది విషయంలో సగటుగా తెలుస్తుంది. బీమా సంస్థ అందరి సొమ్మును కలిపి ఉంచి, ముందుగా మరణించినవారి భాగంతో ఎక్కువకాలం జీవించినవారికి చెల్లిస్తుంది.

కొనే రోజున ఉన్న రేటే సాధారణంగా జీవితాంతం వర్తిస్తుంది. వడ్డీ రేట్లు తగ్గి ఉన్న సంవత్సరంలో మొత్తం సొమ్ముతో ఒకేసారి కొన్నవారికి ఆ తక్కువ రేటే స్థిరపడిపోతుంది. పెద్ద వయసులో కొన్నవారికి అదే సొమ్ముపై ఎక్కువ మొత్తం లభిస్తుంది. అందువలన కొందరు ఒకేసారి కాక, కొన్నేళ్ళ వ్యవధిలో విడతలుగా కొంటారు.

రకాలు

కొన్నవారు జీవించి ఉన్నంతవరకు మాత్రమే చెల్లించే రకంలో నెలసరి మొత్తం అన్నిటికంటే ఎక్కువ. పట్టికలో ఆ అంకె చూసి దానినే ఎంచుకున్న వ్యక్తి రెండేళ్ళకే మరణిస్తే, భార్యకు పెన్షను గాని, పెట్టిన సొమ్ము గాని రాదు. ఉమ్మడి జీవిత యాన్యుటీలో భర్త తరువాత భార్యకు (లేదా భార్య తరువాత భర్తకు) పూర్తిగా గాని సగం గాని కొనసాగుతుంది. ఆ మేరకు నెలసరి మొత్తం కొంత తగ్గుతుంది. సొంత సంపాదన లేని భార్య ఉన్న ఇంట్లో ఈ తగ్గుదలను నష్టంగా భావించడం పొరపాటు. ఒప్పందం కుదిరి, పాలసీని తిప్పి పంపే గడువు దాటిన తరువాత రకాన్ని మార్చుకొనుటకు వీలులేదు.

కొనుగోలు ధరను వారసులకు తిరిగి ఇచ్చే రకానికి మన దేశంలో ఆదరణ ఎక్కువ. ఇందులో సంస్థ దాదాపుగా వడ్డీనే పంచుతుంది కనుక ఆదాయం తక్కువ. వారసులకు చేరేది కూడా పాతికేళ్ళ నాటి అంకెయే గాని నాటి విలువ కాదు. ఏటా 3 శాతం పెరిగే రకం, 10, 15 లేదా 20 ఏళ్ళకు ఖాయంగా చెల్లించే రకం కూడా ఉన్నాయి.

ఉద్యోగ పొదుపు నుండి పెన్షను

ప్రైవేటు రంగంలో ఉద్యోగుల ప్రావిడెంటు ఫండు విరమణ సమయంలో ఒకేసారి చేతికి వస్తుంది. అది పెన్షను కాదు. పెన్షను వచ్చేది 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పెన్షను పథకం నుండి. యజమాని చెల్లించే 12 శాతంలో 8.33 శాతం దీనికి వెళ్తుంది, అది కూడా వేతన పరిమితికి లోబడి. ఈ పరిమితి 2001లో 6,500 రూపాయలు కాగా, 2014 సెప్టెంబరు 1 నుండి 15,000 చేసారు. పెన్షను లెక్కకు వచ్చే వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగిస్తే నెలసరి పెన్షను వస్తుంది. 15,000 వేతనంపై 35 ఏళ్ళకు 7,500 రూపాయలు. 2014కు ముందటి సర్వీసును పాత పరిమితిపై లెక్కిస్తారు కనుక చాలామందికి ఇంకా తక్కువ వస్తుంది. కనీస పెన్షనును 2014లో 1,000 రూపాయలుగా నిర్ణయించారు. అసలు వేతనంపై పెన్షను కోరిన ఉద్యోగుల వివాదంలో సుప్రీంకోర్టు 2022 నవంబరు 4న తీర్పు ఇచ్చినది.

ఈ పెన్షనుకు 10 ఏళ్ళ సర్వీసు అవసరం. ఉద్యోగం మారిన ప్రతిసారీ సొమ్ము వెనక్కు తీసుకున్నవారికి ఆ సర్వీసు లెక్కలోకి రాదు. సొమ్ముకు బదులు పథకం సర్టిఫికెట్టు తీసుకుంటే పాత సర్వీసు కొత్తదానితో కలుస్తుంది. పెన్షను వయసు 58 సంవత్సరాలు. 50 నుండే తీసుకొనే వీలున్నది గాని, ముందుగా తీసుకున్న ప్రతి సంవత్సరానికి 4 శాతం చొప్పున శాశ్వతంగా తగ్గుతుంది.

2004 జనవరి 1 తరువాత చేరిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు (సైనిక దళాలు మినహా) జాతీయ పెన్షను విధానం వచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుండి నియమితులైన ఉపాధ్యాయులు, ఇతర ఉద్యోగులు కాంట్రిబ్యూటరీ పెన్షను పథకం (సీపీఎస్) కిందికి వచ్చారు. విరమణనాడు కూడిన నిధిలో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. 2025 డిసెంబరులో ప్రభుత్వేతర చందాదారులకు దీనిని 20 శాతానికి తగ్గించారు. ఆలస్యంగా ఉద్యోగం వచ్చి 10 లక్షలు మాత్రమే కూడినవారు 4 లక్షలతో యాన్యుటీ కొంటే, 6 శాతం రేటున వచ్చేది నెలకు 2,000 రూపాయలే. సీపీఎస్ రద్దు కోరుతూ సాగిన ఉద్యమాలకు మూలం ఇటువంటి లెక్కలే. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హామీ పెన్షను బిల్లును ఆమోదించినది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పెన్షను పథకాన్ని ప్రవేశపెట్టినది. ఇందులో 25 ఏళ్ళ సర్వీసు ఉన్నవారికి చివరి 12 నెలల సగటు మూలవేతనంలో 50 శాతం హామీ ఉన్నది.

ధరల పెరుగుదల

పాత ప్రభుత్వ పెన్షనుకు కరువు భృతి తోడవుతుంది. ఉద్యోగుల పెన్షను పథకానికి, సాధారణ యాన్యుటీకి అది లేదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే నేటి 10,000 రూపాయల కొనుగోలు శక్తి 12 ఏళ్ళలో సుమారు 5,000కు, 20 ఏళ్ళలో 3,100కు దిగిపోతుంది. మందుల ఖర్చు పెరిగేది సరిగ్గా ఆ వయసులోనే. అందువలన మొత్తం నిధిని యాన్యుటీలో పెట్టక, బియ్యం, కరెంటు, మందులు వంటి తప్పనిసరి ఖర్చులో పెన్షనుకు అందని మేరకే దానిని కొని, మిగిలినది వేరుగా ఉంచుట మేలు. అటువంటివాటిలో 2004లో మొదలైన వయోవృద్ధుల పొదుపు పథకం ముఖ్యమైనది. దాని గరిష్ఠ పరిమితిని 2023 ఏప్రిల్‌లో 30 లక్షలకు పెంచి, వడ్డీని 8.2 శాతంగా నిర్ణయించారు. మూడు నెలలకు ఒకసారి వడ్డీ చెల్లిస్తారు. గడువు 5 సంవత్సరాలు.

పన్ను, జీవన ధ్రువీకరణ

యాన్యుటీ ఆదాయం ఆదాయపు పన్ను పరిధిలోకి వస్తుంది. పెన్షను కొనసాగడానికి చందాదారుడు జీవించి ఉన్నట్లు ఏటా ధ్రువీకరణ ఇవ్వాలి. 2014 నవంబరులో ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ ద్వారా ఆధార్ సంఖ్య, వేలిముద్రతో దీనిని సమర్పించవచ్చు. వయసుతో వేలిముద్రలు అరిగిపోయినవారికి ముఖ గుర్తింపు సౌకర్యం తరువాత వచ్చినది.