దానమిచ్చిన పుస్తకం గడప దాటితే

"మాష్టారూ, ఈ పుస్తకాలన్నీ ఏం చేయబోతారు?" అని ఈ మధ్య అడగనివారు లేరు. ఏదైనా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి సమర్పిస్తానని చెబుతుంటాను. సమర్పించిన పిదప అవి ఏమవుతాయని మాత్రం ఎవరూ అడుగరు. మా గురువుగారి గ్రంథాలను ఒక కళాశాలకు ఇచ్చాము. కొన్నేళ్ళకు, ఆయన చేవ్రాలుతో ఉన్న ఒక ప్రతి పాతపుస్తకాల బండి మీద నాకే దొరికింది. నేనే కొనుక్కున్నాను!

ఇది కొత్త కథ కాదు మిత్రులారా. 1439-1444 నడుమ హంఫ్రీ ప్రభువు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి 280కి పైగా వ్రాతప్రతులను దానమిచ్చాడు. వాటికై కట్టిన మందిరం 1488లో తెరచుకుంది. నూరేళ్ళయినా నిలువలేదు. 1550 ప్రాంతపు మతసంస్కరణల వేడిలో గ్రంథాలు చెల్లాచెదరైనాయి, 1556లో బల్లలు కూడా అమ్ముడుపోయినాయి. ప్రభువు దానం చేసినా అంతే.

ఆ శూన్యమందిరాన్ని థామస్ బాడ్లీ పునరుద్ధరించి 1602లో తెరిపించాడు. ఇతడు లోకజ్ఞుడు. దాతల పేర్లను, వారిచ్చిన గ్రంథాలను ఒక పెద్ద చర్మపత్ర గ్రంథంలో వ్రాయించి, వచ్చేపోయేవారికి కనబడేలా ఉంచాడు. మన శాసనాలలో దాతల నామాలు చెక్కించినట్లే! కీర్తికాంక్షను మించిన సేకర్త ఉన్నాడా?

అయితే బాడ్లీ గ్రంథాలయమూ పొరబడింది. లండను ప్రచురణకర్తల సంఘంతో 1610లో కుదిరిన ఒడంబడిక వలన షేక్స్‌పియర్ నాటకాల తొలి సంపుటం, 1623 నాటిది, అక్కడికి చేరింది. ఇది దానం కాదు గాని, నీతి ఒకటే. 1664 ప్రాంతంలో మూడవ ముద్రణ రాగానే, పాతది అనావశ్యకమని అమ్మివేశారు కాబోలు. 1905లో ఒక విద్యార్థి తమ ఇంటి పాతసంపుటాన్ని ఆక్స్‌ఫర్డుకు తెచ్చాడు. దాని అట్టకట్టును చూసి, ఇది మాదేనని గుర్తించారు. 1906లో చందాలు వసూలు చేసి 3,000 పౌండ్లకు తిరిగి కొనుక్కున్నారు. అమ్మకముందు విద్యార్థులు చదివి చదివి అరగదీసిన పుటలు 'రోమియో జూలియట్'వట. పడుచువాళ్ళు కదా!

గ్రంథపాలకులను నిందింపబోను. ఒక పుస్తకం ఉచితంగా వచ్చినా, పట్టికకెక్కించాలి, చెదలనుండి కాపాడాలి, చోటు చూపాలి. అందుకే నేడు పలు విశ్వవిద్యాలయాలు ముందుగా జాబితా అడుగుతాయి, తమ వద్ద ఉన్న ప్రతులను వద్దంటాయి.

నేనూ జాబితా మొదలుపెట్టాను. ఇంతవరకు 212 అయ్యాయి. పైన ఒక మాట చేర్చాను: వద్దనుకున్న పుస్తకాన్ని బండికివ్వక ముందు, మా అబ్బాయికి ఒక ఉత్తరం ముక్క వ్రాయవలెను.