పారిశ్రామిక వ్యర్థము - వడపోత బొగ్గు

హైదరాబాదు నగరమునకు తూర్పున చర్లపల్లి, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు కలవు. పారిశ్రామికవాడ ఎచ్చట నున్నను ఒక చిక్కు ఎదురగును. క్రోమియం, నికెల్ పూత వేసిన వస్తువులను కడిగిన నీటిలో ఆ లోహములు కొంత మిగులును. అవి నీటిలో కరిగియుండుటచే గుడ్డతో వడగట్టినను పోవు, మరిగించినను పోవు. మురికిని హరించు సూక్ష్మజీవులు లోహమును నాశనము చేయజాలవు. భారతీయ ప్రమాణము ననుసరించి లీటరు త్రాగునీటిలో క్రోమియం 0.05, సీసము 0.01 మిల్లీగ్రాములకు మించరాదు.

ఇట్టి లోహములను పట్టు సాధనములలో బొగ్గు ఒకటి. మూడు కుండల వడపోతలో ఇసుకతోపాటు బొగ్గు వేయుట మనవారికి తెలిసినదే. దాని గుణమును శాస్త్రజ్ఞులు క్రమముగా తెలిసికొనిరి. 1773లో స్వీడను దేశపు షీలే, బొగ్గు వాయువులను పట్టియుంచునని గమనించెను. 1785లో రష్యాలో లోవిట్జ్, అది ద్రావణముల రంగును తొలగించునని చూపెను. పదార్థము లోనికి ఇంకక ఉపరితలమున అంటుకొనుటను అధిశోషణమందురు.

మామూలు బొగ్గులో రంధ్రములు తక్కువ. 1900-1901 సంవత్సరములలో ఆస్ట్రెయికో అనునతడు వానిని పెంచు పద్ధతులకు పేటెంట్లు పొందెను. వృక్షపదార్థమును లోహ క్లోరైడులతో కలిపి కాల్చుట ఒకటి. ఎఱ్ఱగా కాగిన బొగ్గుపై నీటియావిరినిగాని బొగ్గుపులుసు వాయువునుగాని పంపుట రెండవది. ఇట్లు తయారైనది ఉత్తేజిత బొగ్గు. ఒక గ్రాము మంచి బొగ్గునకు సుమారు 1,000 చదరపు మీటర్ల ఉపరితలముండును; అనగా నాలుగు గ్రాములలో ఒక ఎకరము విస్తీర్ణము ఇమిడియున్నదన్నమాట! మొదటి ప్రపంచయుద్ధములో విషవాయువుల నుండి సైనికులను కాపాడిన ముసుగులలో ఈ బొగ్గునే నింపిరి.

అయితే లోహములకు విస్తీర్ణ మొక్కటే చాలదు. సీసము, కాడ్మియం నీటిలో ధనావేశముగల అయానులుగా నుండును. బొగ్గు ఉపరితలమున ఆమ్లజనితో కూడిన సమూహములున్నచో అవి ఈ అయానులను పట్టును. నీరు మిక్కిలి ఆమ్లముగా నున్నచో ఉదజని అయానులు ఆ తావులకు పోటీపడును. సంయోజకత 6 గల క్రోమియం తీరు వేరు. అది ఋణావేశముగల అయానులలో నుండును గనుక ఆమ్ల జలమునందే బాగుగ అంటును. అంతేగాక బొగ్గు దానిలో కొంతభాగమును తక్కువ హానికరమగు సంయోజకత 3 గల రూపమునకు మార్చును. కావున ఏ నీటికి ఏ బొగ్గు తగునో పరీక్షించియే నిర్ణయింపవలెను.

ఉత్తేజిత బొగ్గు ఖరీదైనది. అందుచే పరిశోధకుల దృష్టి వ్యర్థములపై పడినది. చమురునుండి అమ్మోనియా తయారుచేసిన ఎరువుల కర్మాగారములలో మసితో కూడిన బురద మిగిలెడిది. రూర్కీ విశ్వవిద్యాలయమునకు చెందిన శ్రీవాస్తవ, ఆయన సహచరులు ఆ బురదనుండి కార్బన పదార్థమును తయారుచేసి, అది భారలోహములను పట్టు తీరును 1989లో ప్రకటించిరి. ఒక కర్మాగారపు చెత్త మరొక కర్మాగారపు నీటికి మందైనది.

బొగ్గు విద్య హైదరాబాదుకు క్రొత్త కాదు. ఉప్పల్ రోడ్డులోని ప్రయోగశాల 1944లో ఆరంభమై, 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగాను, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగాను పేరు మార్చుకొనెను. తక్కువ ఉష్ణోగ్రతలో నేలబొగ్గును కార్బనీకరించుట అచ్చటి పూర్వపు ముఖ్య పరిశోధనలలో ఒకటి. ఆ రోడ్డుననే యున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు నేలలలోని భారలోహములను కొలిచి 2001లో ఫలితములు ప్రకటించిరి.

కాని రెండు జాగ్రత్తలు అవసరము. చమురు మసిలో వనేడియం, నికెల్ ఉండవచ్చును. అట్టి బొగ్గు తానే నీటిలోనికి లోహమును వదలకుండ చూడవలెను. రెండవది, బొగ్గు పట్టిన లోహము నశించదు, స్థలము మారునంతే. ఆమ్లముతో కడిగి లోహమును తిరిగి రాబట్టవలెను. లేదా ఆ బొగ్గును ప్రమాదకర వ్యర్థముగా భద్రపరుపవలెను. దానిని చెరువుగట్టున పారవేసినచో మొదటి వానకే పడిన శ్రమ వృథాయగును.