బరువు మోయని చక్రం

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి రథం కదిలేటప్పుడు జనం చూపంతా మోకులు లాగేవాళ్ల మీదే ఉంటుంది. రథం ఏదైనా, దాన్ని దారిలో పెట్టేదీ ఆపేదీ మాత్రం చక్రాల పక్కన కొయ్య దిమ్మలు పట్టుకుని నడిచేవాళ్లే. రోలర్ కోస్టర్ల సంగతీ అంతే. అమెరికా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి వేగం, తెగువ. ఆ దేశపు రోలర్ కోస్టర్ చరిత్రను చక్రాల వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి తేలుతుంది: అక్కడ నిలిచిన తెగువకు ముందు పట్టు కుదిరింది. ఆ చక్రాల పేర్లే దానికి సాక్ష్యం.

కథ బొగ్గుతో మొదలవుతుంది. 1827లో పెన్సిల్వేనియాలోని మాక్ చంక్ దగ్గర కొండ మీది గని నుంచి బొగ్గు బండ్లు వాలు పట్టాల మీద వాటంతట అవే దిగేవి. ఖాళీ బండ్లను పైకి లాగాల్సిన కంచర గాడిదలు కూడా అదే దారిన బండి ఎక్కి కిందికి వచ్చేవి! బొగ్గు రవాణా వేరే దారి పట్టాక, 1870ల నుంచి జనం డబ్బిచ్చి ఆ వాలు మీద సరదాకి తిరిగారు. 1884లో లామార్కస్ థామ్సన్ న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో కట్టిన స్విచ్‌బ్యాక్ రైల్వేకి టికెట్టు 5 సెంట్లు, వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లు. మన ఎద్దులబండి, రథం, రైలు అన్నిటిలాగే ఈ బండ్లనూ దారి మీద నిలిపింది వాటి బరువే. బరువునే నమ్ముకున్నంతకాలం మిట్టలు తక్కువ వాలుతోనే ఉండాలి. మిట్ట దాటగానే దారి ఒక్కసారిగా కిందికి పడిపోతే బండి ముందుకే పోవాలని చూస్తుంది, పట్టాలు విడిచి లేస్తుంది.

అందుకే ఇవాళ్టి కోస్టర్‌ బండికి ప్రతి మూలా మూడు రకాల చక్రాలుంటాయి. పట్టా పైన దొర్లుతూ బరువు మోసేది రోడ్ వీల్, అంటే నడక చక్రం. పక్కనుంచి ఒరుసుకుంటూ మలుపులో దారి తప్పనివ్వనిది సైడ్ ఫ్రిక్షన్ లేదా గైడ్ వీల్. పట్టా కిందినుంచి పట్టుకునేది అండర్ ఫ్రిక్షన్ లేదా అప్‌స్టాప్, అంటే పైకి లేవనివ్వనిది. వీటన్నిటినీ కలిపి పట్టే చట్రాన్ని బోగీ అంటారు. మనం రైలు పెట్టె మొత్తాన్నీ బోగీ అంటాం గానీ, అసలు ఆ మాట పెట్టె కింది చక్రాల చట్రానిదే. చెక్క కోస్టర్లలో అప్‌స్టాప్‌కీ పట్టాకీ మధ్య కొంచెం సందు ఉంటుంది, అది చాలాసేపు ఊరికే ఉంటుంది. మన బండి ఇరుసుకు కడచీల ఎలాగో కోస్టర్ బండికి ఈ చక్రం అలాగ. బరువు మోయదు, కానీ అది లేకపోతే బండి లేదు. ఈ కింది చక్రానికి అమెరికా కోస్టర్ల రూపకర్త జాన్ మిల్లర్ 1919లో పేటెంట్ పొందాడు. 1902 నాటి లీప్ ది డిప్స్ కోస్టర్ పెన్సిల్వేనియా అల్టూనాలో ఇంకా నిలిచి ఉంది. దానికి పక్క చక్రాలే ఉన్నాయి, కింది చక్రాలు లేవు. అందుకే దాని మిట్టలు చిన్నవి. 1927 నాటి కోనీ ఐలండ్ సైక్లోన్‌ది 26 మీటర్ల నిట్టదిగుడు. రెంటికీ మధ్య గడిచింది పాతికేళ్లే, ఆ మధ్యలో వచ్చిందే మిల్లర్ చక్రం.

పట్టు కుదిరాకే తెగువ నిలిచిందన్న ఈ మాటకు అభ్యంతరాలు లేకపోలేదు. 1817లోనే పారిస్‌లో బండి చక్రాలను దారికి బిగించి నడిపారు కదా అనవచ్చు. నిజమే. మంచు జారుడుబల్లల ఊహ రష్యాది, బండికి పట్టు ఇచ్చింది ఫ్రాన్సు. ఫ్రెంచివాళ్లు నేటికీ వీటిని రష్యా కొండలంటారు, రష్యావాళ్లు అమెరికా కొండలంటారు. అమెరికా చేసింది ఆ పట్టును నమ్ముకుని మిట్టల రూపాన్నే మార్చడం. ఇక రెండో మాట: 1895లోనే కోనీ ఐలండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అనే కోస్టర్ మనుషుల్ని తలకిందులుగా తిప్పింది, మరి తెగువే ముందు వచ్చినట్టు కాదా? వచ్చింది, కానీ నిలవలేదు. గుండ్రటి ఆ చుట్టు జనం మెడలకు నొప్పి పుట్టించింది, కొన్నేళ్లకే మూతపడింది. 1959లో డిస్నీలాండ్ పార్కులోని కోస్టర్ మాటర్‌హార్న్‌కు ఉక్కు గొట్టాల పట్టాలు వేశారు, గొట్టాన్ని మూడు వైపులా చక్రాలు పట్టుకున్నాయి. తలకిందుల ప్రయాణం మళ్లీ వచ్చి స్థిరపడింది ఆ తర్వాతే, 1975లో కాలిఫోర్నియాలోని కార్క్‌స్క్రూతో.

కాబట్టి ఒక దేశం తెగువను కొలవాలంటే అది ఎంత ఎత్తు నుంచి దూకిందని మాత్రమే అడిగితే చాలదు, దూకేముందు దేన్ని పట్టుకుందని కూడా అడగాలి. ఈసారి పిల్లల్ని బెంగళూరుకో హైదరాబాద్‌కో తీసుకెళ్లి రోలర్ కోస్టర్ ఎక్కించేముందు ఒక్క నిమిషం వాళ్లను బండి పక్కన నిలబెట్టండి. పట్టా పైన, పక్కన, కింద ఉన్న చక్రాలను వేలితో చూపించండి. ఆ కింది చక్రం పేరు కూడా చెప్పండి.