కొండమాను, కడలి తెప్ప: ‘కట్టుమరం’ మాట వెనుక తెలుగు తీరం

‘కటమరాన్’ అనే ఇంగ్లీషు మాటకు తమిళ ‘కట్టుమరం’ మూలమన్నది నిర్వివాదం. కోరమాండల్ తీరంలో దుంగలతో చేసే తేలికపాటి నావలను ఆ పేరుతో పిలుస్తారని 1697లో వెలువడిన తన యాత్రా గ్రంథంలో విలియం డాంపియర్ రాశాడు. ఈ వ్యుత్పత్తి తేలిపోవడంతోనే చర్చ ముగిసిందని భావించడం వల్ల, అదే తీరపు ఉత్తర భాగంలో అదే వస్తువుకున్న తెలుగు పేరు పరిశోధన దృష్టికి అందలేదు. ‘కట్టు’ తెలుగులోనూ ఉంది. ‘మరం’కు సజాతీయమైన ‘మ్రాను’ కూడా ఉంది. అయినా విశాఖ, శ్రీకాకుళం తీరాల జాలర్లు, వాడబలిజలు ‘కట్టుమ్రాను’ అనలేదు, ‘తెప్ప’ అన్నారు. తమిళం నిర్మాణ విధానాన్ని బట్టి పేరు పెట్టగా, తెలుగు తేలే వస్తువుకున్న సామాన్య నామాన్నే సముద్రానికీ వర్తింపజేసింది.

ఈ సామాన్యత్వమే చిక్కు తెచ్చింది. కోనేటిలో స్వామివారిని ఊరేగించేది తెప్పే, ఏరు దాటించేది తెప్పే, సముద్రం మీద వేటకు పోయేదీ తెప్పే. ‘ఏరు దాటి తెప్ప తగలేసినట్టు’ అనే సామెతలోని తెప్ప ఆ పూటకు కట్టుకొని వదిలేసేది. బ్రౌన్ నిఘంటువు (1852) చెప్పిన తేలుడు సాధనమనే అర్థం దానికి చాలుతుంది. సముద్రపు తెప్పకు అది చాలదు. అది ఒక కుటుంబం సొమ్ము కూడబెట్టి కొనుక్కునే ఆస్తి. విప్పి, ఆరబెట్టి, మళ్ళీ బిగించి ఏళ్ల తరబడి కాపాడుకునే పనిముట్టు.

భారతీయ నావల మీద జేమ్స్ హార్నెల్ 1920లో ప్రచురించిన అధ్యయనం ఈ తేడాను గుర్తించింది. దక్షిణాన దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్లతో కడతారు. గంజాం, విశాఖ తీరాల తెప్ప కొంత పడవ రూపానికి దగ్గరైనది: దుంగలను కొయ్య మేకులతో కలిపి రెండు సగాలుగా చేసి, ఆ సగాలను తాళ్లతో జత చేస్తారు. ఒడ్డు చేరాక రెంటినీ విడదీస్తే నీరు పీల్చిన కొయ్య త్వరగా ఆరుతుంది. అలలు విరిగే ఇసుక తీరంలో, రేవు లేనిచోట, మనుషులు భుజాల మీద మోసుకెళ్లగల బరువుకు దాన్ని కుదించడం కూడా ఈ ఏర్పాటుతోనే సాధ్యమైంది. దుంగల సందుల్లోంచి నీరు వచ్చిపోతుంది కాబట్టి మునిగే ప్రశ్న లేదు. తెరచాప ఎత్తితే గాలికి నడుస్తుంది, లేకుంటే తెడ్డుతో. దీన్ని ‘ఆదిమ’ నావ అన్న వలసకాలపు రచయితలు కెరటాల్లో తలకిందులయ్యే తమ పడవలను కూడా లెక్కలోకి తీసుకొని ఉంటే బాగుండేది.

ఇంత తేలిక కొయ్య ఇసుక నేలలో దొరకదు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో తన కోరమాండల్ మొక్కల గ్రంథం మొదటి సంపుటంలో (1795) తణుకు చెట్టును వర్ణిస్తూ, తగిన పరిమాణంలో దొరికితే కట్టుమరాలకు మిగతా కొయ్యలన్నిటికంటే దానికే ప్రాధాన్యమని నమోదు చేశాడు. తణుకు ప్రధానంగా కొండవాలుల చెట్టు. సముద్రం మీది తెప్ప చరిత్రను తీరంలోనే మొదలుపెట్టడం పొరపాటని చెప్పడానికి ఈ ఒక్క వాక్యం చాలు.

ఆ చరిత్రలో కొండవైపు భాగాన్ని చింతపల్లి నుంచి చూడవచ్చు. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవులను ఏర్పరచి, చెట్టు నరకడాన్ని అనుమతికి లోబడిన పనిగా మార్చింది. గూడెం కొండల్లో పోడుపై ఆంక్షలు, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయడంలో వెట్టిచాకిరి కలిసి రగిల్చిన ఆగ్రహమే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌పై చేసిన దాడికి నేపథ్యం. ఈ ఘట్టాన్ని మన సాహిత్య చరిత్రలు కొండకే పరిమితం చేశాయి. కానీ అడవికి వేసిన కంచె ప్రభావం కొండ దిగువకూ చేరుతుంది. మాను ప్రభుత్వ సొత్తయినప్పుడు కొండవాడికి పోడు నేరమైంది. తీరవాసికి దుంగ రుసుము కలిసిన సరుకైంది. ఇద్దరూ ఒకే చట్టానికి రెండు చివరల నిలిచారు. జాలరి జీవనం మీద వచ్చిన కథల్లో అప్పు ఒక పాత్రలాగే తిరుగుతుంది. ఆ అప్పులో కొయ్య ధర వాటా ఎంతో విమర్శకులు అడగవలసి ఉంది.

ఈలోగా పశ్చిమంలో మాట దారి మార్చుకుంది. 1876లో అమెరికాలో నథానియల్ హెరెషాఫ్ నిర్మించిన ‘అమరిలిస్’ నాటికే ‘కటమరాన్’ రెండు వేరువేరు పొట్టలున్న నావకు పేరవుతోంది. 1950లలో జేమ్స్ వారమ్ సొంతంగా కొయ్యతో ‘టాంగరోవా’ను కట్టుకొని అట్లాంటిక్ దాటాడు, తర్వాత ఇంటివద్దే కట్టుకోదగిన నమూనాలను అమ్మాడు. వాటి ఆకృతికి మూలం పాలినీషియన్ల జంట నావ. మన తీరం వాటికిచ్చింది పేరు మాత్రమే. ఇప్పుడు ఆ మాట తిరిగి వచ్చి, ‘కటమరాన్’ అంటే విలాస నౌక అన్న అర్థంలో తెలుగు పత్రికల్లో కనిపిస్తోంది.

తీరంలో కొయ్య తెప్పలు అరుదైపోయాయి. 2004 సునామీ తర్వాత సహాయ కార్యక్రమాలు ఫైబర్ పడవల వ్యాప్తిని మరింత వేగిరపరిచాయి. అచ్చులో పోసి తీసే ఈ నావలో దుంగ లేదు, కొయ్య మేకు లేదు, తాడు ముడి లేదు. అయినా విశాఖ తీరంలో దాన్ని ‘ఫైబర్ తెప్ప’ అంటారు. నిర్మాణాన్ని బట్టి పెట్టిన తమిళ నామం ఇక్కడ నిలవడం కష్టం. తేలేదేదైనా తెప్పే అన్న తెలుగు మాటకు ఆ ఇబ్బంది లేదు.