ఆయువు తీరలేదు, మనకు తెలియలేదు



లెక్కల మనిషిని కాబట్టి ముందు నా బాకీ చెప్పుకుంటాను. డిఫెన్స్ అకౌంట్స్‌లో రిటైరయ్యాక నాకు తొలి చలికాలం, 2018 జనవరి. ఢిల్లీ ద్వారకాలో మా కాలనీ పార్కుకి రోజూ నడకకు వచ్చే ఒక పెద్దాయన, బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. ఒకరు మొహాన నీళ్ళు చల్లారు. మూర్ఛ అనుకుని ఇంకొకరు చెప్పు వాసన చూపించారు. గుడి నుంచి వస్తున్న ఒకావిడ నోట్లో తీర్థం పోసింది. మధ్యమధ్యన ఆయన గొంతులోంచి గురకలాంటి శబ్దం వస్తుంటే "ఊపిరి ఉంది, ఉంది" అన్నారు.

మరి నేనేం చేశాను? "నోట్లో నీళ్ళు పొయ్యకండి" అన్నాను. ముప్ఫై ఏళ్ళ హేతువాదిని కదా, ఏం చెయ్యకూడదో తెలుసు. ఏం చెయ్యాలో తెలియదు. ఆస్పత్రికి చేర్చేసరికి ఆయన లేరు. "ఆయువు తీరింది" అని అందరూ సర్దుకున్నారు. నాకు సర్దుకోవడం చేతకాలేదు. అప్పటినుంచీ ఈ విషయం చరిత్ర చదువుతూ వచ్చాను.

"ఆయువు తీరింది" అన్న మాటకు ఎదురుతిరిగిన తొలి సంఘాల్లో ఒకటి 1767లో ఆమ్‌స్టర్‌డాంలో పుట్టింది. కాలవల ఊరు కదా, నీట మునిగి చచ్చేవాళ్ళు ఎక్కువ. మునిగినవాణ్ణి వదిలెయ్యకండి, వెచ్చబెట్టండి, నోటితో గాలి ఊదండి అని ఆ సంఘం మామూలు జనానికి చెప్పింది. బతికించినవాళ్ళకు బహుమతులు ఇచ్చింది. 1774లో లండన్‌లో డాక్టర్లు విలియం హావ్స్, థామస్ కోగన్ అలాంటి సంఘమే పెట్టారు. వీళ్ళు చెప్పినవన్నీ సరైనవేనా అంటే కాదు. మలద్వారం గుండా పొగాకు పొగ ఊదడం కూడా ఆనాటి వైద్యమే! 1811లో బెంజమిన్ బ్రోడీ జంతువుల మీద పరీక్షించి పొగాకు విషం గుండెనే ఆపేస్తుందని చూపించాక అది క్రమంగా మూలపడింది. మనం గమనించాల్సింది ఇక్కడే. తప్పు చేసినా, పరీక్షించి దిద్దుకోగలిగారు. తీర్థానికి అలాంటి పరీక్ష ఎవరు పెట్టారు?

అసలు మలుపు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో వచ్చింది. విలియం కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. గుండెకు కరెంటు షాకు ఇచ్చే యంత్రం మీద పనిచేస్తున్నాడు. ఆయన దగ్గరి పరిశోధకుడు గై నికర్‌బాకర్, కుక్క ఛాతీ మీద ఆ యంత్రం పలకల్ని గట్టిగా అదిమినప్పుడు రక్తపోటు పెరగడం చూశాడు. పైనుంచి నొక్కినా రక్తం కదులుతుందన్నమాట! అంతకుముందు ఛాతీ కోసి గుండెను చేత్తో పిసికేవారు. సర్జన్ జేమ్స్ జూడ్‌తో కలిసి ముగ్గురూ 1960లో 20 మంది రోగుల వివరాలతో వ్యాసం ప్రచురించారు. రెండు చేతులుంటే చాలునని లోకానికి తెలిసింది.

అయినా ఆ విద్యను డాక్టర్లు వెంటనే జనం చేతికివ్వలేదు. 1966లో అమెరికా నిపుణుల సదస్సు వైద్య సిబ్బందికి నేర్పితే చాలంది. 1974 నాటికి గానీ ప్రజలందరికీ నేర్పాలని అధికారికంగా ఒప్పుకోలేదు. సియాటిల్ నగరం మాత్రం అంతదాకా ఆగలేదు. 1972లోనే డాక్టర్ లియొనార్డ్ కాబ్, అగ్నిమాపక శాఖతో కలిసి మామూలు పౌరులకు నేర్పడం మొదలుపెట్టాడు. అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా, పక్కనున్నవాడి కంటే ముందు రాలేదన్నదే ఆయన లెక్క.

ఆ లెక్క ఇదీ. మనం అన్నిటినీ గుండెపోటే అంటాం గానీ రెండూ వేరు. గుండెపోటులో గుండెకు రక్తం అందించే నాళం పూడిపోతుంది, మనిషికి సాధారణంగా స్పృహ ఉంటుంది. కార్డియాక్ అరెస్టులో పంపే ఆగిపోతుంది. మొదటిది రెండోదానికి దారితీయవచ్చు. షాకుతో సరిచేయగల రకం అరెస్టులో కూడా, ఎవరూ ఛాతీ నొక్కకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం తరిగిపోతుంది. ఢిల్లీ ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఎంతసేపు?

మన దగ్గరా పని జరగలేదని అనను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. 2019లో ఐసీఎంఆర్, ఎయిమ్స్ కలిసి 'మిషన్ ఢిల్లీ' పేరుతో, ఎయిమ్స్ చుట్టుపక్కల గుండెపోటు వచ్చినవాళ్ళ దగ్గరికి మోటారు సైకిల్ మీద నర్సుల్ని పంపే ప్రయోగం చేశాయి. 2017లో మన మత్తు డాక్టర్ల సంఘం, నోట్లో గాలి ఊదక్కర్లేకుండా ఛాతీ నొక్కడం ఒక్కటే మామూలు మనిషికి నేర్పే పద్ధతి ప్రకటించింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు ఆరాంఘర్ దగ్గర కుప్పకూలిన మనిషిని ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ ఛాతీ నొక్కి బతికించారు. తర్వాత కొద్ది రోజులకే తెలంగాణ ప్రభుత్వం శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది.

మరోపక్క, గుండె ఆగితే గట్టిగా దగ్గమనే సందేశం 1999 నుంచి ఈ-మెయిళ్ళలో తిరిగి ఇప్పుడు వాట్సాప్‌లో బతుకుతోంది. గుండె ఆగినవాడికి స్పృహే ఉండదు, దగ్గేదెలా?

నేను ఆలస్యంగా నేర్చుకున్నది చెబుతాను. పిలిస్తే పలకడు, మామూలుగా ఊపిరి తీయడు. గురకలాంటి ఎగశ్వాస ఊపిరి కాదు. వెంటనే ఒకరు 112కి ఫోన్ చెయ్యాలి. ఇంకొకరు ఛాతీ నడుమ అరచేతి మడమ ఆనించి, రెండో చెయ్యి దానిపై వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. సాయం వచ్చేదాకా ఆపకూడదు, అలసిపోతే మనిషి మారాలి. ఇలా చేస్తే అందరూ బతకరు. చెయ్యకపోతే దాదాపు ఎవరూ బతకరు.

మన సమావేశాల్లో బాబాల గుట్టు విప్పుతాం, విబూది ఎలా రాలుతుందో చూపిస్తాం. మంచిదే. దానికి ఒక గంట కలపండి, నేర్పేవాళ్ళను పిలిచి బొమ్మ మీద అందరి చేతా నొక్కించండి. తీర్థం పోసినావిడ కనీసం తనకు తెలిసింది చేసింది. వట్టి చేతులతో నిలబడినవాణ్ణి నేను.