చిన్నకారు – పాతరంగు

చిననాడు ఆడుకొనిన బొమ్మకారు ఒకనాడు పెట్టె అడుగున చేతికి తగులును. రంగు పెచ్చులూడి లోహము బయటపడియుండును. దానికి మరల రంగు వేయవలెనా, వలదా? బాల్యమున విడిచిన అభిరుచిని పెద్దతనమున తిరిగి చేపట్టువారందరికిని ఎదురగు ప్రశ్న ఇది. ఆ రంగు చరిత్రయే దీనికి కొంత సమాధానము చెప్పగలదు.

లివర్‌పూల్ నగరమున ఫ్రాంక్ హార్న్‌బీ నెలకొల్పిన మెకానో సంస్థ, తన రైలుబొమ్మల ప్రక్కన నిలుపుటకై 1933లో చిన్నవాహనములను పోతపోయించెను. 1934లో వానికి ‘డింకీ టాయ్స్’ అను పేరు వచ్చెను. నిజమైన కారులో 43వ వంతు అను కొలత వాడుకలోనికి వచ్చినది ఈ రైళ్ల చుట్టరికమువలననే. 1953లో లండన్‌లోని లెస్నీ సంస్థ అగ్గిపెట్టెలో ఇముడు ‘మాచ్‌బాక్స్’ వాహనములను వెలువరించెను. ఈ పోతకార్లన్నిటికిని రంగు వేసినది కర్మాగారమే.

1958లో అమెరికాలోని ఏ.ఎమ్.టి. సంస్థ, ఒకే కారును మూడు విధములలో ఏదో ఒకరీతిగా కూర్చుకొనదగిన ప్లాస్టిక్ భాగముల పెట్టెలను విడుదలచేసెను. వీనియందు కూర్పరియే రంగులవాడు. కావున అట్టి కారుకు మరల రంగు వేయుట, నాడు ఆపిన పనిని కొనసాగించుటయే.

పోతకారు సంగతి వేరు. డింకీ మూసలు కొన్ని 1960వ దశకము చివర కలకత్తా చేరగా, వానినుండి ‘నిక్కీ టాయ్స్’ వెలువడినవి. రూపము ఒక్కటే; రంగును, అడుగుపలక మీది పేరును జన్మస్థలమును తెలుపును. ఆ రంగును గీకివేసినచో ఒక సాక్ష్యము చెరిగిపోవును. అదిగాక పాతరంగులలో సీసము ఉండవచ్చును. పొడిగా రుద్ది ఆ ధూళిని పీల్చుట ప్రమాదము. యుద్ధపూర్వపు పోతలు కొన్నింటిలో జింకు మిశ్రమమున సీసపు మాలిన్యము చేరుటచే లోహమే బీటలువారును. ఆ జబ్బును ఏ పూతయు మాన్పలేదు.

రంగు పూర్తిగా పోయినదానికి వేయదలచినచో, ముందు అస్తరు, పిదప పలుచని పూతలు. 43వ వంతు కారుమీద 0.1 మిల్లీమీటరు మందపు పూత, నిజమైన కారుపై 4.3 మిల్లీమీటర్ల పూతతో సమానము! తలుపుగీతలు దానిక్రింద పూడిపోవును. రంగు ఆరినపిమ్మట పలుచని నలుపును ఆ గీతలలోనికి పాఱించి, కిటికీ అంచులకు సన్నని కుంచెతో వెండిరంగు దిద్దవలెను.

కాని తాను ఆడిన కారుపై కొంతయైనను పాతరంగు మిగిలియున్నచో, దానిని అట్లే ఉంచుట మేలు. ఆ పెచ్చులు ఊడగొట్టినది మన చిన్నచేతులే. కొత్తరంగు కారును కొత్తది చేయగలదు. ఆ చేతులను మరల తేలేదు.